కొమ్ములున్న ఇల్లు

ఏప్రిల్ 17

వచ్చాను. ఒసాకాలో విమానమెక్కి, దిగి, బస్సెక్కి మా ఊరు నగహామాలో అక్క హోటలు చేరేసరికి మధ్యాహ్నం భోజనాల రద్దీ. అక్క నన్ను చూసి, "వచ్చావా, ఆ గిన్నెలందుకో" అంది. ఏడాదిన్నర తర్వాత చెల్లెలు ఇంటికొస్తే పలకరింపు అదీ. నేను గిన్నెలందుకోలేదు. సంచీలోంచి సుత్తి తీసి పిల్లర్ల దగ్గరికి వెళ్లాను.

అక్క హోటలు నాలుగు పిల్లర్ల మీద నిలబడింది. రెండు సముద్రం వైపు, రెండు వంటగది వైపు. వాటి మీద స్లాబు, ఆ స్లాబు కింద మిత్సుయె అనబడే మా అక్క బతుకంతా. ముందు హోటలు, వెనక తను పడుకునే గది, పక్కన ఉల్లిపాయల కొట్టు. ఊరి ఆఫీసు వాళ్లు ఫిబ్రవరిలో వచ్చి చూసి చెప్పేశారట. తుఫానులు మొదలయ్యేలోపు పిల్లర్లు గట్టి చేయించుకోవాలి, లేకపోతే హోటలు మూసి ఇల్లు కూల్చెయ్యాలి. అప్పుడు నాకు ఫోను చేసింది. చేసి ఏమందీ? "పెచ్చులూడుతున్నాయే ఇసా, నీకు తెలిసిన మేస్త్రీలెవరైనా ఉన్నారా?" అంది.

నాకు తెలిసిన మేస్త్రీలట! భూకంపం తర్వాత కోబేలో రైలు వంతెనల కింద పిల్లర్లకి కార్బన్ గుడ్డ చుట్టింది నేను. నా చేతికింద పదిమంది మగాళ్లు పనిచేశారు. ఒళ్లు మండి ఆ రోజే టికెట్టు కొన్నాను.

తట్టి చూశాను. గట్టిగా ఉన్నచోట సుత్తి టంగుమంటుంది. లోపల ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, సిమెంటుని బయటికి తోసేసిన చోట పొక్ పొక్ మంటుంది. సగానికి సగం పొక్కే. అయితే ఏమైంది? డొల్లంతా చెక్కేస్తాను, తుప్పు గీకేస్తాను, కొత్త సిమెంటు పూడుస్తాను, పైన గుడ్డ చుడతాను. చూడ్డానికి పల్చటి నల్లగుడ్డే గానీ, జిగురు తాగి గట్టిపడిందంటే ఇనుప పట్టీ కూడా దాని ముందు దిగదుడుపే. నాలుగే నాలుగు పిల్లర్లు. ఒసాకాలో జూలై నుంచి వంతెన పని ఉంది, మా కాంట్రాక్టరు అషిదా గారికి మాటిచ్చి వచ్చాను. ఆలోగా ఇది ఎడమచేత్తో అయిపోతుంది.

అక్క ఒక్కటే షరతు పెట్టింది. "నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. కొమ్ముల జోలికి మాత్రం పోకు."

సరేనన్నాను. కొమ్ములతో నాకేం పని?

ఏప్రిల్ 18

పొద్దున్నే డాబా ఎక్కాను. ప్రతి పిల్లరు నెత్తినా నాలుగేసి చువ్వలు కొమ్ముల్లా మోకాలెత్తున లేచి ఉన్నాయి. ఈ ఊళ్లో ఏ డాబా చూసినా ఇంతే. పిల్లలు పెద్దవుతారు, పెళ్లిళ్లవుతాయి, పైన ఇంకో అంతస్తు వేస్తాం అనుకుంటూ చువ్వల కొసలు కొయ్యకుండా వదిలేస్తారు. కొమ్ముల్లేని ఇల్లు కట్టినవాణ్ణి, వీడికి రేపటి మీద నమ్మకం లేదా అన్నట్టు చూస్తారు. తుప్పు పట్టకుండా వాటి మీద ఖాళీ అవమోరి సారా సీసాలు బోర్లిస్తారు. మా బావ ఎయిషో ఉన్నన్నాళ్లు ఏటా కొత్త సంవత్సరానికి సీసాలన్నీ మార్చేవాడు. పాతవి బాగానే ఉన్నాయిగా బావా అంటే, "మార్చాలంటే ముందు ఖాళీ చెయ్యాలిగా మరదలా, ఎంత కష్టం నాది" అనేవాడు. ఆయన పోయాక సీసాలు మార్చినవాళ్లు లేరు. కొన్ని పగిలిపోయాయి.

అక్క ఇవన్నీ నావో కోసం దాస్తోంది. కూతురు కాపురం తన నెత్తిమీద పెట్టుకోవాలని ఆశ. నావో నాహా పట్నంలో ఫ్లాటు కొనుక్కుని హాయిగా ఉంది. దాని మొగుడు పడవని చూస్తేనే వాంతి చేసుకుంటాడు, వాడొచ్చి ఈ సముద్రం ఒడ్డున ఉంటాడా? ఈ మాట అక్కతో ఎవరంటారు, నాకు పని ఉంది.

వాననీళ్లు చువ్వ పట్టుకుని పిల్లర్లోకి దిగుతాయి. అది తెలియనిదాన్ని కాదు. పగిలిన సీసాలు మార్చి, మొదళ్లలో జిగురు దట్టిస్తే సరిపోతుంది.

సరిపోతుంది.

ఏప్రిల్ 21

జుకెరాన్‌ని పనిలోకి తీసుకున్నాను. ఒకప్పుడు పడవలకి రంగులేసేవాడు. నాకంటే పెద్దవాడు, పనిచేసే చేతికంటే వాగే నోరు పెద్దది. డాబా మీద కొమ్ములు చూసి, "మేస్త్రమ్మా, వీటినేం చేద్దాం?" అన్నాడు.

"నిన్ను కింద చెక్కమన్నానా, పైన చూడమన్నానా?" అన్నాను.

"చెక్కుతున్నాగా. మెడ నొప్పెట్టి ఒకసారి పైకి చూశా, తప్పా?"

ఏప్రిల్ 25

చెక్కుడు. సిమెంటు లోపల గవ్వలు, పగడపు ముక్కలు. ఈ ఇల్లు కట్టినరోజు ఊరు ఊరంతా వచ్చి ఒడ్డునుంచి ఇసుక మోసింది. ఉప్పు కడగాలని అప్పుడెవరికి తెలుసు? పొద్దున మొదలెట్టి సాయంత్రానికి స్లాబు పోసేసి, మేక కూర వండుకు తిన్నారు. ఆ ఉప్పే ఇన్నేళ్లూ ఇనుముని కొరుక్కుతింది.

అక్క హోటలు మూయనంటోంది. దుమ్ములో, గ్రైండరు రొదలో వడ్డన సాగుతూనే ఉంది. ఒక జాలరి నూడుల్స్ గిన్నె ఎత్తి చూసి, "మిత్సుయక్కా, ఇవాళ సూపులో సిమెంటు కాస్త ఎక్కువైనట్టుందే" అన్నాడు.

"తాగు, గట్టిపడతావు. మీ ఆవిడ సంతోషిస్తుంది" అంది అక్క.

అందరూ విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది.

మే 2

చువ్వలు తెల్లగా అయ్యేదాకా గీకాం. తుప్పు పట్టని పూత పూశాం. పూడ్చాం. రేపు మూలలు గుండ్రం చెయ్యాలి. పిల్లరు అంచు పదునుగా ఉంటే గుడ్డ అక్కడే తెగుతుంది. జుకెరాన్ ఇది వినడు. "అంచు బాగుంది కదమ్మా, చూడ్డానికి ముచ్చటగా" అంటాడు. ముచ్చటగా ఉండాలంటే ఇంటికెళ్లి నీ పెళ్లాం మొహం చూసుకో, ఇక్కడ గుండ్రంగా ఉండాలి అన్నాను. వాడి పెళ్లాం పక్క బల్ల దగ్గరే కూచుని టీ తాగుతోందని నాకేం తెలుసు?

మే 8

అయిపోయింది! నాలుగు పిల్లర్లూ చుట్టేశాను. ప్రైమరు, లప్పం, జిగురు, గుడ్డ, మళ్లీ జిగురు. రోలరుతో కిందనుంచి పైకి తోసుకుంటూ గాలి బుడగన్నది మిగలకుండా చేశాను. నా చెయ్యి ఎక్కడా తడబడలేదు. యాభై దాటినా ఈ చేతికి సాటి లేదు, నా డైరీలో నేను రాసుకుంటే ఎవరేమంటారు.

అక్క వంటగదిలోంచి వచ్చి నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "ఏమే, నా హోటలుకి నల్ల మేజోళ్లు తొడిగావేంటే?" అంది.

"మేజోళ్లు కావు. కవచం."

"కంపు కొడుతున్న కవచం. కాకరకాయ వేపుడు కూడా జిగురు వాసనేస్తోంది."

అలా అంటూనే ఒక పిల్లరుని అరచేత్తో నిమిరింది. నేను చూడలేదనుకుంది.

మే 10

వానాకాలం మొదలైందని రేడియోలో చెప్పారు. రానీ. నా పని ముందే అయింది.

ఊరి ఆఫీసునుంచి నకాందకారి అనే కుర్రాఫీసరు వచ్చి చూశాడు. మర్యాదస్థుడు. "చాలా నీటుగా చేశారు మేస్త్రీగారూ. జూన్ నెలాఖరులో వచ్చి పూర్తిగా తట్టి చూస్తాను. అప్పుడు గట్టిగా పలికితే ఇక కూల్చే మాటుండదు" అన్నాడు. ఇప్పుడే తట్టి చూసుకోండి అన్నాను. వానలు పడ్డాక చూడాలట. పడ్డాకే చూడు నాయనా.

మే 14

వాన.

మే 15

వాన. అషిదా గారు ఫోను చేశారు. జూలై మొదటివారానికల్లా రమ్మన్నారు. ముందే వచ్చినా వస్తానన్నాను. నాకక్కడ నా గది ఉంది. చిన్నదే, అయితేనేం, తలుపేసుకుంటే అడిగేవాడు లేడు. ఇక్కడ అక్క పడగ్గదిలో కిందే పరుపేసుకుని దాని గురక వింటూ పడుకోవాల్సొస్తోంది.

మే 18

వంటగది వైపు పిల్లర్లలో పొయ్యి దగ్గరది కాస్త ఉబ్బినట్టుంది. పొయ్యి వేడికి అయ్యుంటుంది.

మే 19

ఉబ్బలేదు. చూశాను. కాస్త దూరంనుంచి.

మే 22

జుకెరాన్ పని లేకపోయినా వస్తున్నాడు, అక్క పెట్టే భోజనం కోసం. ఇవాళ తింటూ తింటూ చాప్‌స్టిక్‌తో ఆ పిల్లరుని తట్టాడు.

"మేస్త్రమ్మా, ఇది పొక్ మంటోంది."

"నీ చెవి పొక్ మంటోంది. ఇన్నాళ్లు గ్రైండరు పట్టుకున్నావు, నీకింకా చెవులున్నాయా?"

"సుత్తి తెచ్చి నువ్వే తట్టు మరి."

"తిండి తిని ఇంటికెళ్లు."

మే 23

వాన. అన్నీ బాగున్నాయి.

మే 25

బాగా లేవు.

సుత్తి పట్టుకెళ్లి తట్టాను. నడుం ఎత్తునుంచి కిందిదాకా డొల్ల. కత్తితో చిన్న గాటు పెట్టాను. గోధుమరంగు నీళ్లు బొటబొటా కారి నా చెప్పుల్లోకి వచ్చాయి. తుప్పునీళ్లు. పైనుంచి చువ్వ వెంట దిగి, గుడ్డ వెనక చేరి, బయటికి పోయే దారిలేక అక్కడే కూచున్నాయి. గుడ్డ చుట్టకపోయుంటే కనీసం ఆరేవి. నేను చుట్టిందే దాన్ని కుళ్లబెడుతోంది.

కొమ్ములు. ఇంకేం కాదు. సీసాలు, జిగురు, నా తలకాయ. అక్క మాట కాదనడం ఇష్టంలేక సరే అన్నాను. అన్నరోజే నాకు తెలుసు.

నాలుగూ పీకేస్తాను. మిగతా మూడు ఇవాళ టంగుమంటున్నాయి గానీ వాటికీ కొమ్ములున్నాయి, వచ్చే వానకో పై వానకో వాటి వంతు వస్తుంది. జుకెరాన్‌కి చెప్తే ఏడుపుమొహం పెట్టాడు. "అంత అందంగా చుట్టాం కదమ్మా!" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ నా మీదే.

మే 26

అక్కతో చెప్పాను. కొమ్ములు కొయ్యాలి, స్లాబు కిందిదాకా కోసి, పూడ్చి, పైన నీళ్లు దిగకుండా పూత వెయ్యాలి. అప్పుడే కింద ఏం చేసినా నిలుస్తుంది.

"నా పీక కొయ్యి, అది సులువు" అంది.

"జూన్ నెలాఖరుకి ఆఫీసరొస్తాడు. పొక్ మందంటే హోటలుండదు, నువ్వుండవు."

"ముప్పై ఏళ్లుగా ఉన్నాయవి. అప్పుడు లేని రోగం ఇప్పుడెందుకొచ్చింది?"

"ముప్పై ఏళ్లుగా ఉన్నాయి కాబట్టే వచ్చిందక్కా! ఆ రోగం పేరే కొమ్ములు. నావో రాదు. దానికి ఫ్లాటుంది. నీకీ మాట చెప్పేవాళ్లు లేక ఇలా తయారయ్యావు."

అక్క చేతిలో గరిటె ఉంది. విసిరేస్తుందనుకున్నాను. కానీ గరిటె బల్లమీద పెట్టి, అప్రాన్ విప్పి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గిరాకీలు డబ్బు బల్లమీద పెట్టి వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు. అక్క భోజనాల వేళ తలుపేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మే 27

అక్క అన్నం నా ముందు పెట్టింది, గిన్నె కొంచెం గట్టిగా.

మే 28

నావోకి ఫోను చేశాను. మీ అమ్మకి నువ్వు చెప్పవే, పైన అంతస్తు అక్కర్లేదని ఒక్క మాట చెప్పు, వింటుంది అన్నాను.

"నేను పెళ్లికి ముందే చెప్పాను పిన్నీ. నాకొద్దమ్మా, ఆ చువ్వలు తీసేసుకో అంటే, నీకెవరిస్తానన్నారే అంది."

"మరెవరికట?"

అక్కడ టీవీ గొంతు తగ్గింది.

"నిజంగా నీకు తెలీదా పిన్నీ?"

మే 29

వాన. పని లేదు.

మే 30

వాన.

మే 31

జూలైలో ఒసాకా.

జూన్ 1

సరే, రాసుకుంటాను. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

నావో చెప్పింది ఇది. స్లాబు పోసినరోజు మేస్త్రీ అడిగాడట, చువ్వలు కొయ్యనా, ఉంచనా అని. నావో అప్పటికి పుట్టనేలేదు. డబ్బుల్లేవు, పై అంతస్తు మన తరం కాదు, కోసెయ్యమన్నాడట బావ. అక్క ఒప్పుకోలేదట. "ఉంచండి. మా చెల్లెలు ఒసాకా వెళ్లింది. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వచ్చి ఎక్కడ పడుకుంటుంది?" అందట. నేను అప్పటికి వెళ్లి రెండు నెలలు. బట్టలమిల్లులో పనికి చేరాను, రాత్రుళ్లు ఏడ్చేదాన్ని, ఉత్తరాల్లో మాత్రం ఇక్కడ బ్రహ్మాండంగా ఉంది అని రాసేదాన్ని. అక్క ఆ ఉత్తరాలు ఒక్కటీ నమ్మలేదన్నమాట.

బావకి తెలుసు. నావోకి తెలుసు. బహుశా ఊళ్లో మేకలకి కూడా తెలుసు. పెళ్లి లేదు, పెటాకులు లేవు, ఎప్పటికైనా ఇదే దాని ఇల్లు అని అక్క అందరితో అందట, నాతో తప్ప. నాతో అంటే నేను కరుస్తానుగా.

ఒక్కసారన్నా అడగొచ్చు కదా! ఎన్నిసార్లు వచ్చి వెళ్లాను! వెళ్లేప్పుడల్లా బస్సు దాకా వచ్చి, డబ్బాలో నువ్వుల ఉండలు పెట్టి, "చేరాక ఫోను చెయ్యి" అనడమేగాని ఉండమని ఏనాడైనా అందా?

నేను మాత్రం ఉంటానని అన్నానా.

జూన్ 3

వాన తెరిపిచ్చింది. డాబా మీద కొమ్ముల దగ్గర నిలబడి ఉంటే అక్క ఎక్కొచ్చింది. మోకాళ్ల నొప్పులు, మెట్టు మెట్టుకీ అమ్మా అనుకుంటూ వచ్చింది. బట్టలారెయ్యడానికి వచ్చానంది. చేతిలో బట్టల్లేవు.

"నావో చెప్పింది" అన్నాను.

"దానికి నోరెప్పుడాగింది గనక?"

"అక్కా, నీకు నేనొకటి చెప్పాలి, మేస్త్రీగా చెప్తున్నాను. ఈ పిల్లర్లు ఉన్న స్లాబుని మోస్తాయి. గుడ్డ చుడితే ఇంకా పాతికేళ్లు మోస్తాయి, నాది పూచీ. కానీ ఇంకో అంతస్తుని ఎప్పటికీ మొయ్యవు. ఎన్ని గుడ్డలు చుట్టినా మొయ్యవు. కింద పునాదికి ఆ శక్తి లేదు. కొమ్ములుంచినా కట్టలేవు."

అక్క సముద్రంకేసి చూసింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"వచ్చినరోజే."

"చెప్పలేదే?"

"నావో కోసం అనుకున్నా. నీ ఆశ నీదిలే అని ఊరుకున్నా."

"అయితే నువ్వెక్కడుంటావే?"

"ఎక్కడుండటమేంటి? ఒసాకాలో ఉన్నాను కదా."

అక్క కిందికి దిగిపోయింది, ఈసారి అమ్మా అనకుండా. నా నోటికి తాళం వెయ్యాలి.

జూన్ 4

పొద్దున నేను లేచేసరికి డాబా మీద చప్పుడు. అక్క ఒక్కో కొమ్ము మీదినుంచి సీసా తీసి పెట్టెలో సర్దుతోంది. కొన్ని చువ్వకి అంటుకుపోయి రాకపోతే చుట్టూ తిప్పి తిప్పి తీసింది. అన్నీ అయ్యాక నావైపు చూడకుండా, "కొయ్యి" అంది.

కోశాను. గ్రైండరు చక్రం ఆనగానే నిప్పురవ్వలు లేచాయి. పదహారు చువ్వలు. ఇంత ఇనుము కోశాను జీవితంలో, మధ్యలో ఎప్పుడూ ఆపలేదు. ఇవాళ మూడోదానికి ఆపి, కళ్లద్దాలు తుడుచుకున్నాను. లోపలివైపు తడిశాయి.

జుకెరాన్ కింద నుంచి, "ఏమైంది మేస్త్రమ్మా, చక్రం మార్చనా?" అని అరిచాడు. నోర్ముయ్ అన్నాను. పాపం, వాడేం చేశాడు.

జూన్ 7

కోసిన చోటల్లా బెత్తెడు లోతు చెక్కి, పూత పూసి, కుంచించుకుపోని సిమెంటుతో పూడ్చాను. డాబా మొత్తానికి నీళ్లు దిగని పూత వేశాం. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కొమ్ములున్నాయి, మాదొక్కటే బోడి. పక్కింటి ముసలాయన గోడ మీదినుంచి చూసి, "ఏంటి మిత్సుయే, గుండు కొట్టించావు?" అన్నాడు.

"ఉప్పునీళ్ల మొక్కు" అంది అక్క. మూడు రోజుల తర్వాత మొదటి జోకు. నాకు ప్రాణం లేచొచ్చింది.

జూన్ 10

నాలుగు గుడ్డలూ పీకేశాం. వంటగది పిల్లరులో కొత్త సిమెంటు తడి ముద్దలా ఉంది. మళ్లీ చెక్కుడు. వానలో జిగురు పట్టదు, గాలిలో చెమ్మ ఉన్నా పట్టదు. పిల్లరు చుట్టూ టార్పాలిన్ కట్టి, లోపల ఫ్యాన్లు, వేడిదీపాలు పెట్టి ఆరబెడుతున్నాను. పొద్దునా సాయంత్రం అరచెయ్యి ఆనించి చూస్తున్నాను, మీటరుతోనూ చూస్తున్నాను. తొందరపడను. ఈసారి వాననీళ్లు దిగే దారే లేదు.

టార్పాలిన్ గుడారాల మధ్యే హోటలు నడుస్తోంది. జాలర్లు సర్కసుకొచ్చినట్టుంది అంటున్నారు. సింహం ఎవరని ఒకడడిగితే అందరూ నావైపు చూపించారు.

జూన్ 15

భోజనం దగ్గర అడిగాను.

"అక్కా, ఆ ఉల్లిపాయల కొట్టు ఎంతుంటుంది?"

"ఎందుకు?"

"ఊరికే."

"నాలుగు చాపలు పడతాయి. కిటికీ ఉంది, బస్తాల వెనక. తూర్పు గాలొస్తుంది."

"అడిగానంతే."

"నేనూ చెప్పానంతే."

ఇద్దరం తింటూ కూచున్నాం. అక్క గిన్నె పక్కన పెట్టి అంది: "ముప్పై ఏళ్లుగా పైన కట్టాలని చూస్తున్నానే నేను. నువ్వు కింద అడుగుతావని నాకేం తెలుసు?"

"ఎవరడిగారు? కొలత అడిగానంతే."

జూన్ 17

ఉల్లిపాయల బస్తాలు వరండాలోకి వచ్చాయి. ఎందుకు బయటపెట్టిందో అడగలేదు. ఎలకలేమో. జుకెరాన్ బస్తా తట్టుకుని బోర్లాపడి, "ఎవరమ్మా దారిలో పెట్టింది?" అన్నాడు. అక్క, నేను ఒకేసారి "నువ్వు కళ్లు పెట్టుకుని నడువు" అన్నాం.

జూన్ 21

చుట్టేశాను. ఈసారి గొప్పలు రాసుకోను.

బాగా కుదిరింది. మొదటిసారి కంటే బాగా కుదిరింది. కోబేలో చేసినవాటికంటే కూడా. అబద్ధమెందుకు చెప్పాలి?

జూన్ 26

మూడురోజులు కుంభవృష్టి. ఈసారి దూరంనుంచి చూడలేదు. ప్రతి ఉదయం సుత్తి పట్టుకుని నాలుగింటినీ కిందినుంచి పైదాకా తట్టాను. వంటగది పిల్లరుని చివరికి ఉంచాను. టంగుమంది. ఇంకోసారి కొట్టాను. టంగుమంది. "పొద్దున్నే ఏంటే ఆ గుడిగంటలు?" అని అక్క లోపల్నుంచి తిట్టింది. తిట్టనీ.

జూన్ 28

అషిదా గారి ఫోను రెండుసార్లు మోగింది. చేతికి జిగురుంది. తియ్యలేదు.

చేతికి జిగురేం లేదు.

జూన్ 30

నకాందకారి వచ్చాడు. పొడుగాటి కర్రకి గుండు బిగించిన సుత్తి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం, హోటలు నిండా జనం. ఎవరూ తినడం లేదు. అక్క మరుగుతున్న సూపు ముందు నిలబడి గరిటె తిప్పుతూనే ఉంది, వీపు మాత్రం మా వైపుంది.

ముందు పిల్లరు, రెండోది, మూడోది. అతను కిందనుంచి మొదలెట్టి ప్రతి జానెడుకీ ఒకసారి కొట్టుకుంటూ పోయాడు. వంటగది పిల్లరు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. వంగి, మోకాళ్ల మీద కూచుని, చెవి ఆనించి కొట్టాడు. నేను భయపడలేదు. నా పని నాకు తెలుసు. అయినా జుకెరాన్ భుజం ఎందుకు పట్టుకున్నానో తెలీదు, వాడు అబ్బా గోళ్లు అన్నాడు.

నకాందకారి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఎక్కడా డొల్ల లేదు. ఇల్లు ఉంటుంది మిత్సుయె గారూ."

హోటలంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు. బల్లలు బాదారు. ఎవడో సూపు ఒలకబోసుకున్నాడు. అక్క వెనక్కి తిరగలేదు. గరిటె ఆగింది, అంతే. కాసేపటికి అప్రాన్ కొసతో మొహం తుడుచుకుని, "ఉల్లిపాయ ఘాటు" అంది. ఉల్లిపాయలు వరండాలో ఉన్నాయి.

నకాందకారి వెళ్లబోతూ నా దగ్గర ఆగాడు. "ఒక్క విషయం మేస్త్రీగారూ. సముద్రం పక్క కట్టడం కదా, ఏటా వానలయ్యాక ఎవరో ఒకరు తట్టి చూసి మాకు చెప్తూ ఉండాలి. పని తెలిసినవాళ్లు, దగ్గరలో ఉండేవాళ్లు కావాలి. ఎవరి పేరు రాసుకోమంటారు?"

జుకెరాన్ నోరు తెరిచాడు. నేను వాడి కాలు తొక్కాను.

"యొనమినే ఇసాకో. నేనే" అన్నాను.

"మంచిది. మీ చిరునామా?"

నేను చెప్పేలోపే వంటగదిలోంచి కేక వినపడింది. "ఇదే రాసుకో నాయనా! ఇదే!"

నన్నెవరూ అడగలేదు. అడిగినా నేనూ అదే చెప్పేదాన్ని.